ఒకటో తరగతిలో ఆరు భాషల పిల్లలు: ఇంగ్లీషు ఎలా మొదలుపెట్టాలి?

కేఆర్‌పురం_టీచర్: మాది బెంగళూరు. మా క్లాసులో తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ, బెంగాలీ, ఒడియా పిల్లలున్నారు. చాలామందికి ఇంట్లో ఇంగ్లీషు చెవిన పడదు. క్లాసంతా ఇంగ్లీషే మాట్లాడాలా? ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం, ఎక్కడ మొదలుపెట్టాలి? చదువురాని తల్లిదండ్రులకు ఇంటికి ఏం పంపాలి?

మారతహళ్ళి_అమ్మ: మావాడి స్కూల్లో ఇంగ్లీషు తప్ప వేరే మాట వస్తే ఫైన్. ఇంట్లో వసపిట్టలా వాగేవాడు అక్కడ నోరు విప్పడు. బాత్‌రూమ్‌కి వెళ్తానని అడగలేక నిక్కరు తడుపుకుని వచ్చాడు. ముందు ఆ ఫైన్లు ఆపించండి మేడమ్.

ఫోనిక్స్_క్వీన్: నేను సర్టిఫైడ్ ట్రైనర్‌ని. ఏ బీ సీ డీ వరస వదిలేయండి. జాలీ ఫోనిక్స్ అనే బోధన పద్ధతిలో మొదటి గుంపు ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్. ఈ ఆరూ వస్తే సిట్, పిన్, ట్యాప్ చదివేస్తారు. అక్షరం పేరు కాదు, శబ్దం నేర్పండి: స, ట, ప.

పాత_చాక్‌పీస్: అక్కడే చిక్కు. మన అక్షరాల్లో అకారం కలిసే ఉంటుంది, ఆ అలవాటుతో టీచర్లు క, ఆ, ట అంటారు. అవి కలిపితే క్యాట్ ఎలా అవుతుంది? పొల్లుగా పలకాలి.

ఫోనిక్స్_క్వీన్: టైపింగ్‌లో పొల్లు పెట్టలేదని నాకు పాఠమా? నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు వైట్‌ఫీల్డ్‌లో ఎన్ని స్కూళ్ళలో ఉన్నారో కనుక్కోండి.

పాత_చాక్‌పీస్: స్కూళ్ళ లెక్క ఎవరడిగారండీ! తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం, అందుకే మా తమిళ పిల్లలు కొందరు బిగ్ అంటే పిగ్ రాసేవారు. బెంగాలీ పాపకి వ్యాన్ ‘భ్యాన్’. ఉర్దూ ఇళ్ళ పిల్లలకి ‘ఇస్కూల్’. అందరిచేతా ఒకే డ్రిల్ చేయిస్తే సగం మందికి దండగ.

చెన్నై_రిటర్న్: తమిళులని వెక్కిరించడం మానండి. మనవాళ్ళు ఎగ్‌ని ‘యెగ్’ అనరా? గురివింద సామెత గుర్తుచేయమంటారా?

పాత_చాక్‌పీస్: వెక్కిరింపు కాదు బాబూ. ఏ పిల్లకి నాలుక ఎక్కడ మొరాయిస్తుందో టీచరుకి తెలియాలంటున్నా.

హొసూరు_నాన్న: అసలు ఒకటో తరగతికే ఇంగ్లీషు మీడియం ఎందుకు? 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంది.

చెన్నై_రిటర్న్: ఆరు భాషల క్లాసులో ఎవరి ఇంటి భాష సార్? మాతృభాష మీడియాన్ని ప్రైవేటు స్కూళ్ళ మీద రుద్దకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కర్ణాటక కేసులోనే.

బెళ్ళందూర్_డాడీ: మాకు ఇంగ్లీషు కాదు, కన్నడ టెన్షన్. 2015 చట్టం వచ్చాక ఇక్కడ కన్నడ నేర్వక తప్పదు కదా. మంచి ట్యూషన్ ఎవరికైనా తెలుసా?

కేఆర్‌పురం_టీచర్: ఇంటికి ఏం పంపాలో ఎవరూ చెప్పలేదు.

అంగన్‌వాడీ_అక్క: ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి, ఉచితం. ఒకే బొమ్మల కథ చాలా భాషల్లో దొరుకుతుంది. చదవడం రాని అమ్మ కూడా బొమ్మలు చూసి తన భాషలో కథ చెప్తుంది. మర్నాడు అదే కథ మీరు ఇంగ్లీషులో చెప్పండి. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలు బెదరరు. మధ్యలో ఎవరైనా సొంత భాషలో జవాబిస్తే ఆపకండి, దాన్నే ఇంగ్లీషులో తిరిగి చెప్పండి.

ఫోనిక్స్_క్వీన్: శనివారం నుంచి కొత్త బ్యాచ్. కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి.

మారతహళ్ళి_అమ్మ: అడ్మిన్ గారూ, ఇక్కడ ప్రకటనలు కూడదన్నారు కదా?