ఈసీజీ స్ట్రిప్: గడులు లెక్కపెట్టాలా, బొమ్మ చూసి చెప్పాలా?

బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు, నల్గొండ:
ఐసీయూ పోస్టింగ్ మొదలవుతోంది. రిథమ్‌ల (గుండె లయల) బొమ్మలు బట్టీ పట్టమని సీనియర్లు, ప్రతి స్ట్రిప్‌నూ (గడుల కాగితం మీద గుండె విద్యుత్ గీత) కొలవమని టీచర్లు. ఎవరి మాట వినాలి?

నర్సింగ్ ట్యూటర్, మహబూబ్‌నగర్:
కొలవాల్సిందే. పేపర్ వేగం సెకనుకు 25 మి.మీ. అయితే చిన్న గడి 0.04 సెకన్లు, పెద్ద గడి 0.2. రేటు, ఆర్-ఆర్ దూరం (పక్కపక్క బీట్ల ఆర్ మొనల మధ్య), పీ (గుండె పైగదుల చిన్న అల), పీఆర్ (పీ మొదలు నుంచి క్యూఆర్‌ఎస్ మొదలు దాకా, 3–5 చిన్న గడులు), క్యూఆర్‌ఎస్ (కింది గదుల పొడుగు మొన, 3 చిన్న గడుల లోపు), ఈ వరస తప్పొద్దు. 300ను ఆర్-ఆర్ మధ్య పెద్ద గడులతో భాగించే లెక్క సమంగా నడిచే రిథమ్‌కే పనికొస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (పైగదులు క్రమం తప్పి వణికే లయ) అదే లెక్కకు ఒకచోట 75, పక్కనే 150 వస్తుంది. అక్కడ 30 పెద్ద గడుల్లోని క్యూఆర్‌ఎస్‌లను పదితో గుణించాలి.

స్టాఫ్ నర్సు, క్యాజువాలిటీ:
మేడం, అది పరీక్షకు మంచిగుంటది. తెర మీద వీటీ (కింది గదులల్ల పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ) పడితే గడులు ఎవరు లెక్కపెడతరు? పేషెంట్‌ను పిలవాలె, మెడ దగ్గర నాడి చూడాలె. నాడి లేకుంటే సీపీఆర్, షాక్. పీఈఏలో స్ట్రిప్ చక్కగనే ఉంటది, నాడే ఉండదు. అది ఏ గడి చెప్తది?

నర్సింగ్ ట్యూటర్:
నాడి ముందు, ఒప్పుకుంటాను. మరి పచ్చ గన్నేరు పప్పు తిన్న కేసు? పీ తర్వాత రావాల్సిన క్యూఆర్‌ఎస్ ఒకటి జారింది (రాలేదు), అంటే బ్లాక్: పైగదుల సంకేతం కిందికి చేరలేదు. పీఆర్ బీటుబీటుకూ పెరిగి జారితే టైప్ 1. మారకుండా ఉండి జారితే టైప్ 2, అది కంప్లీట్ బ్లాక్‌లోకి (ఏ సంకేతమూ కిందికి చేరని స్థితి) పోయే ప్రమాదం ఎక్కువ. చూపుకు రెండూ ఒకటే. కాగితం అంచు పెట్టి పీ మొదలుకు, క్యూఆర్‌ఎస్ మొదలుకు పెన్సిల్ గుర్తులు పెట్టుకుని జరుపుతూ పోతే తేలిపోతుంది, కాలిపర్ (దూరం కొలిచే పరికరం) కొననక్కర్లేదు. (ప్రతి రెండో క్యూఆర్‌ఎస్ జారే 2:1 బ్లాక్‌లో మాత్రం తేలదు, వరసగా రెండు పీఆర్‌లు దొరకవు.)

ఈసీజీ టెక్నీషియన్, సూర్యాపేట:
అసలు స్ట్రిప్ నిజమైందేనా? అది చూడకుండానే కొట్లాడుతున్నరు. ఎండకాలం చెమటకు ఎలక్ట్రోడ్ వదులై బేస్‌లైన్ ఊగుతది. తుడిచి కొత్తది అంటించాలె. ఎర్తింగ్ సరిగ లేకుంటే గీత మందంగ, సన్నటి వణుకుతో వస్తది. చేయి వణికినా వీటీ లెక్క కనిపిస్తది. ఆ గజిబిజి నడుమ మామూలు క్యూఆర్‌ఎస్‌లు తమ దూరంల నడుస్తుంటే అది ఆర్టిఫాక్ట్ (గుండెది కాని తప్పుడు గీత). టీ (క్యూఆర్‌ఎస్ వెనక వచ్చే అల) పొడుగుంటే మానిటర్ దాన్ని కూడ లెక్కేసి 70ని 140 చేస్తది. గీత చదునైతే నాడి చూస్తూనే లీడ్ (తీగ), గెయిన్ (గీత సైజు సెట్టింగ్) చూడుండ్రి.

స్టాఫ్ నర్సు:
కరెక్టే అన్నా. గని వీఎఫ్ (కింది గదులు ఉత్తగ వణికే లయ), వీటీ, టార్సాడ్స్ (మెలికలు తిరిగే వీటీ) బొమ్మలు మాత్రం కంట్ల ఉండాలె. పురుగుల మందు కేసులల్ల క్యూటీ (క్యూఆర్‌ఎస్ మొదలు నుంచి టీ చివరి దాక) పొడుగైతది, టార్సాడ్స్ వస్తే మెగ్నీషియం చేతికి అందేటట్టు పెట్టుకోవాలె.

బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు:
ఆ పురుగుల మందు కేసులోనే ఎట్రోపిన్ (ఆ విషానికి విరుగుడు) ఎక్కించాక రేటు 140 అయితే పీ, టీ కలిసిపోతాయి కదా మేడం, పీఆర్ ఎక్కడ కొలవాలి?

నర్సింగ్ ట్యూటర్:
కొలవొద్దమ్మా. టీ మీద చిన్న మొన ఉందేమో చూడు, 12 లీడ్ల ఈసీజీ తీయించు, ట్రెండ్ చూడు. సైనస్ (గుండె మామూలు లయ) అయితే రేటు మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. ఎస్వీటీ (కింది గదులకు పైన పుట్టే అసహజ వేగపు లయ) సాధారణంగా ఒక్క బీటుతో మొదలై ఒక్క బీటుతో ఆగుతుంది.