ఫోనో ప్రీయాంప్‌లో ఐసీ మారిస్తే పాట మారుతుందా?

సూదిమొన:
రికార్డ్ ప్లేయర్ సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్‌ని సొంతంగా కట్టుకున్నామని చెప్పగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏ ఐసీ వేశారు?" అని. ఐసీ అంటే అందులో సిగ్నల్‌ని పెంచే చిప్. ఎన్‌ఈ5532 అంటే చాలు, "అది పాతది, తీసేసి ఎల్‌ఎం4562 పెట్టండి, పాట విచ్చుకుంటుంది" అంటారు. పిన్నులు ఒకటే కాబట్టి సాకెట్‌లో నిమిషంలో మార్చేయొచ్చు కూడా. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూదితో పాటు చిన్న అయస్కాంతం కదిలే పికప్) వాడేవాళ్లకు ఈ సలహా తప్పు అని నా వాదన. ఉపయోగం లేకపోవడం అటుంచి, నాయిస్, అంటే ఐసీ తనంతట తాను చేర్చే సొద, పెరుగుతుంది.

డేటాషీట్‌లో అందరి కళ్లూ పడేది వోల్టేజ్ నాయిస్ మీద. రూట్ హెర్ట్జ్‌కి 5532లో 5 నానోవోల్టులు, 4562లో 2.7. అక్కడితో ఆగితే కొత్తదే గెలిచింది. కానీ ఆ పక్కనే కరెంట్ నాయిస్ కూడా రాసి ఉంటుంది: 5532కి 0.7 పికోఆంపియర్లు, 4562కి 1.6. ఈ కరెంట్ కార్ట్రిడ్జ్ కాయిల్ గుండా పోతూ వోల్టేజ్‌గా మారుతుంది. 500 మిల్లీహెన్రీల కాయిల్, దానికి అడ్డంగా 47 కిలోఓంల లోడ్ ఉంటే, 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంపిడెన్స్ (కరెంట్‌కి ఎదురయ్యే మొత్తం అడ్డు) దాదాపు 15 కిలోఓంలు. గుణించి చూడండి. 5532కి సుమారు 10 నానోవోల్టులు, 4562కి 24. అవతల మిగిలింది 2.3, ఇవతల పోయింది 14.

మూవింగ్ కాయిల్ (అయస్కాంతం బదులు కాయిలే కదిలే రకం) వాళ్ల సంగతి వేరు. అక్కడ కాయిల్ నిరోధం కొన్ని ఓంలే, సిగ్నల్ అర మిల్లీవోల్టు లోపే. వోల్టేజ్ నాయిస్సే అక్కడ రాజు, 4562 లాంటివి నిజంగా పనికొస్తాయి. ఆ సలహాను అక్కడి నుంచి తెచ్చి అందరికీ అంటగట్టడమే నాకు నచ్చనిది.

చెవిమాట:
సూదిమొన గారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ మీరు లెక్కగట్టింది హిస్‌ని, అంటే ఆ నాయిస్ వల్ల వినిపించే బుస శబ్దాన్ని. పాటలో ఉండేది హిస్ ఒక్కటేనా? నేను ఐసీ మార్చినప్పుడు తేడా తెలిసింది గాత్రంలో, ముఖ్యంగా 'స', 'ష' అక్షరాల దగ్గర. 5532తో అవి గరగరలాడేవి, 4562తో సాఫీగా వచ్చాయి. సూది దించాక రెండు పాటల మధ్య వచ్చే హిస్ ఎలాగూ రికార్డుదే, ఐసీది కాదు. మరి హిస్ మీద ఇంత వాదన ఎందుకు? చివరికి వినేది చెవి, డేటాషీట్ కాదు.

టంకం:
చెవిమాట అన్నా, రెండు విషయాలు చెప్పు. బోర్డు ఇన్‌పుట్‌లో కెపాసిటర్ ఉందా, ఉంటే ఎంత? రెండుసార్లూ విన్నది రికార్డు మీద ఒకే చోటా?

చెవిమాట:
220 పికోఫారడ్లది ఉంది, సర్క్యూట్‌లో ఎలా ఇచ్చారో అలాగే వేశాను. కేబుల్ ఒకటిన్నర మీటర్లు. రికార్డు ఒకటే. పాట ఏదన్నది గుర్తుపెట్టుకోలేదు.

టంకం:
అయితే నీ 'స'కారాల గొడవ చాలావరకు అక్కడే ఉంది. 220కి కేబుల్, టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) లోపలి వైరు కలిపితే సులువుగా 400 దగ్గరికి పోతుంది. 500 మిల్లీహెన్రీలతో అది 11 కిలోహెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్ కొడుతుంది. అంతకు ముందు నుంచే ట్రెబుల్ పైకి లేస్తుంది, ఆ తర్వాత కొండ దిగినట్టు పడిపోతుంది. అదే మొత్తం 200 అయితే రెజొనెన్స్ 16 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. ఆ 220 తీసేసి, 5532తోనే విను. కార్ట్రిడ్జ్ కాగితంలో ఎన్ని పికోఫారడ్లు కావాలో రాసి ఉంటుంది, దానికి సరిపోయేలా మళ్లీ వేసుకో.

రికార్డు మీద చోటు ఎందుకు అడిగానంటే, లోపలి గాడులకు వచ్చేసరికి సూది కింద గాడి వేగం బయటి అంచుతో పోలిస్తే సగానికి పైగా తగ్గిపోతుంది. 'స'లు చెడేది అక్కడే. మొదటి పాటను ఒక ఐసీతో, చివరి పాటను ఇంకో ఐసీతో విని పోల్చితే ఏ తీర్పూ నిలవదు.

పాతరికార్డు:
మీ ఇద్దరికీ అడ్డం వస్తున్నాను, కానీ ఇంట్లో కట్టుకోవడంలో ఉన్న అసలు లాభం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి, వినేటప్పుడు దాన్ని తిరగేసే ప్రమాణమైన ఆర్‌ఐఏఏ కర్వ్ 1954లో వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. 78 ఆర్‌పీఎం రికార్డులను మామూలు ప్రీయాంప్‌లో వింటే బాస్, ట్రెబుల్ రెండూ లెక్క తప్పుతాయి. రెండు స్విచ్‌లు, నాలుగు కెపాసిటర్లు ఎక్కువ వేసుకుంటే ఆ పాత గొంతులు వాటి తీరులో వినిపిస్తాయి. ఏ ఐసీ మార్పూ ఆ పని చేయలేదు.

సూదిమొన:
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆర్‌ఐఏఏ విషయానికే వస్తే, 3180, 318, 75 మైక్రోసెకన్లు అనే, కర్వ్ వంపులను నిర్ణయించే మూడు అంకెలను మన రెసిస్టర్లు, కెపాసిటర్లు ఎంత నిజాయితీగా పాటిస్తున్నాయన్నదే నా దృష్టిలో ప్రీయాంప్ స్వభావం. 75ను నిర్ణయించే కెపాసిటర్ 10 శాతం అటూఇటూ అయితే పైస్థాయి ట్రెబుల్ అంతా దాదాపు 0.8 డెసిబెల్ తప్పుతుంది. అంత వెడల్పున అంత తేడా ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. ఎడమ ఛానెల్‌లో ఎక్కువ, కుడిలో తక్కువ అయితే స్టీరియోలో గాయకుడు ఒకచోట నిలవడు. ఐసీల కోసం వెతికే ఓపికలో సగం పెట్టి కెపాసిటర్లను మీటర్‌తో కొలిచి జతలు కట్టండి. పాలీప్రొపిలీన్ గానీ పాలీస్టైరీన్ గానీ వాడండి. వోల్టేజ్‌ని బట్టి విలువ మారే ఎక్స్7ఆర్ సెరామిక్‌లను కర్వ్ దగ్గరికి రానివ్వకండి.

ఇంకొకటి హమ్, అంటే కరెంటు లైన్ నుంచి దూరే గుంయ్‌మనే శబ్దం. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ గెయిన్ ఉన్న ప్రీయాంప్, ఆర్‌ఐఏఏ వల్ల 50 హెర్ట్జ్ దగ్గర 57 ఇస్తుంది, అంటే సుమారు 700 రెట్లు. కరెంటు లైన్ హమ్‌కి అది తలుపులు బార్లా తెరవడమే. ట్రాన్స్‌ఫార్మర్‌ని వేరే పెట్టెలో దూరంగా పెట్టడం, గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చుక్క దగ్గర కలపడం, ప్రీయాంప్‌ని లోహపు డబ్బాలో మూయడం. ఈ మూడూ చేయనివాళ్లకు ఏ ఐసీ పెట్టినా వినిపించేది అదే.

చెవిమాట:
కెపాసిటర్ సంగతి చూస్తాను, టంకం. కానీ ఐసీ మాట వదలను. పక్కపక్కన గబగబా మార్చి వినే పరీక్షల మీద నాకు నమ్మకం లేదు. కొన్ని తేడాలు వారం పది రోజులు కలిసి ఉంటే గానీ తెలియవు.

టంకం:
అలాగే విను, తొందరేం లేదు. ఏ ఐసీ పెట్టామో నీకు తెలియకుండా ఉంటే చాలు. ఇంట్లో ఇంకొకరిని పెట్టమను, దాని మీద నల్ల టేపు అతికించమను, వారానికోసారి వాళ్లకు తోచినట్టు మార్చమను లేదా మార్చకుండా మార్చినట్టు నటించమను. నువ్వు ఏ వారం ఏది ఉందనుకున్నావో రాసిపెట్టుకో. రెండు ఐసీలతోనూ అవుట్‌పుట్ స్థాయి ఒకటేనని ముందే 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో కొలుచుకో, కాస్త గట్టిగా వినిపించేదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది. 4562 పెట్టేముందు సప్లై పిన్నుల దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఉన్నాయో లేదో చూడు. లేకపోతే వేగమైన ఐసీ ఆసిలేట్ అయ్యే (తనంతట తానే సిగ్నల్ పుట్టించే) ప్రమాదం ఉంది, అప్పుడు నువ్వు పోల్చేది ఐసీలను కాదు.

చెవిమాట:
ఈ పద్ధతికి ఒప్పుకుంటాను. ముందు 220 పీకేసి మొదలుపెడతాను, ఫలితం ఏదైనా ఇక్కడే రాస్తాను.