‘నాలుగు గంటల దూరం’ అనొచ్చా?

ఎనిమిదో తరగతి వ్యాసాలు దిద్దుతున్నా. ఒక పిల్ల ‘హైదరాబాద్ నుంచి దుబాయి నాలుగు గంటల దూరం’ అని రాసింది. గంటలు కాలానికి కదా, దూరానికి ఎట్లా? మార్కు కోయాలా వద్దా, పెద్దలు చెప్పండి. (హనుమకొండ)

పరకాల నుంచి: కోయకండి మేడమ్. బస్టాండులో ‘హనుమకొండ ఎంత దూరం’ అంటే ‘గంట’ అంటారు, కిలోమీటర్లు ఎవరు చెప్తారు? ‘పూట ప్రయాణం’, ‘కూతవేటు దూరం’ ఇవన్నీ మన పాత కొలతలే. ఆమడ అంటే నాలుగు కోసులు. కోసుకు రెండు మైళ్ల చొప్పున ఎనిమిది మైళ్లు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు. దుబాయి ఆకాశమార్గాన 2,500 పైచిలుకు కిలోమీటర్లు కాబట్టి రెండు వందల ఆమడలకు అటూ ఇటూ. పిల్ల అట్లా రాస్తే అప్పుడు ఏం చేసేవారు?

జగిత్యాల నుంచి: మాట ఒప్పే సార్, లెక్కతోనే తంటా. పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నరే. పైన పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ గాలి వీస్తుంది, చలికాలంలో మరీ జోరు. మరి దూరం తగ్గిందందామా? దానికి తోడు రెండు ఊళ్ల గడియారాలకు గంటన్నర తేడా. రాత్రి పదికి ఇక్కడ ఎక్కినోడు అక్కడ పన్నెండున్నరకే దిగుతాడు, అక్కడ పదికి ఎక్కినోడు ఇక్కడ తెల్లవారుజామున మూడుకు దిగుతాడు. టికెట్ చూసి ఇంటోళ్లకు ఒకటే టెన్షన్, కారు ఎప్పుడు మాట్లాడాలో తెలియదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని బతికిన వాళ్లం కదా, మాకు శంషాబాద్ చేరేందుకే నాలుగు గంటలకు పైన పడుతుంది. మా లెక్కలో దుబాయి ఎనిమిది గంటలు!

వరంగల్ నుంచి: జగిత్యాల అన్న మాటకు ఇంకోటి కలుపుతా. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా నడిపింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, కానీ గాలి వెనక నుంచి తోయడంతో రెండు గంటల ముందే, పద్నాలుగున్నర గంటల్లో చేరింది. ‘గంటల దూరం’ అంటే ఇక్కడ దూరపు దారే దగ్గరి దారి అవుతుంది. అందుకే ‘గంటల ప్రయాణం’ అనడమే మేలు.

పరకాల నుంచి: తమ్ముడూ, కూత కూడా గాలివాటున ఎక్కువ దూరం వినపడుతుంది, ఎదురుగాలికి సగంలోనే పోతుంది. అయినా ‘కూతవేటు దూరం’ తప్పని ఎవరూ అనలేదు. మాట్లాడే భాషలో దూరం అంటే చేరడానికి పట్టే శ్రమ. సైన్సు పేపర్లో అయితే నీ మాటే ఖాయం. తెలుగు పేపర్లో మాత్రం మార్కు కోయనివ్వను.