కొత్త అడ్వెంచర్ బైకు యాక్సిలరేటర్ మరీ సున్నితంగా ఉంది, చేతిని ఎలా అలవాటు చేసుకోవాలి?

గోదావరి గట్టు (ప్రశ్న):

మిత్రులకు నమస్కారం. ఏళ్ల తరబడి 150 సిసి బండి నడిపాక ఈ మధ్యనే 400 సిసి తరగతి అడ్వెంచర్ బైకు ఒకటి తీసుకున్నాను. హైవే మీద దాని నడకకు వంక పెట్టడానికి లేదు. కానీ రాజమహేంద్రవరం వీధుల్లో మొదటి, రెండవ గేర్లలో మెల్లగా పోతున్నప్పుడు యాక్సిలరేటర్‌ను రవ్వంత తిప్పితే చాలు, బండి ముందుకు దూకుతోంది. వదిలితే అంతే జోరుగా ముందుకు వంగి ఆగబోతోంది. స్పీడ్ బ్రేకర్ల మీద ఇది మరీ ఇబ్బంది: ఒళ్లు కదిలితే మణికట్టు కదులుతుంది, మణికట్టు కదిలితే ఇంజను రేజ్ అవుతుంది, ఆ కుదుపుకు చేయి మళ్లీ కదులుతుంది. మొన్న రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుండగా మలుపు మధ్యలో ఇలాగే జరిగి, బండి నా వరస వదిలి రోడ్డు నడిమి దాకా పోయింది. ఎదురుగా ఏ లారీ రాకపోవడం నా అదృష్టం. షోరూంలో చూపిస్తే లోపమేమీ లేదనీ, నడపగా నడపగా అలవాటవుతుందనీ చెప్పారు. ఆ అలవాటు ఎలా చేసుకోవాలో అనుభవజ్ఞులు వివరిస్తే మేలు చేసినవారవుతారు.

చింతపల్లి దారి:

గోదావరి గట్టు గారూ, ముందుగా ఆ కుదుపు ఎక్కడ పుడుతుందో గమనించండి. యాక్సిలరేటర్ సగం తెరిచి ఉన్నప్పుడు మీకు ఏ ఇబ్బందీ ఉండదు. పూర్తిగా మూసి, మళ్లీ తెరిచే ఆ ఒక్క క్షణంలోనే ఉంది చిక్కంతా. బండి గేర్లో నడుస్తుండగా మీరు యాక్సిలరేటర్‌ను పూర్తిగా మూసేస్తే ఈసీయూ (ఇంజనును అదుపు చేసే చిన్న కంప్యూటరు) పెట్రోలును ఆపేస్తుంది, ఇంజను బ్రేకులా పనిచేస్తుంది, చైను పై వరస వదులై కింది వరస బిగుసుకుంటుంది. మీరు తిరిగి తెరవగానే పెట్రోలు మళ్లీ అందుతుంది, చైను పై వరస ఒక్కసారిగా బిగుసుకుంటుంది, వెనుక చక్రం హబ్బులోని రబ్బర్లు నొక్కుకుంటాయి. ఇవన్నీ కలిసి ఒకే దెబ్బగా మీకు తగులుతాయి. సింగిల్ సిలిండరు పెద్ద ఇంజన్లలో ఈ దెబ్బ మరింత గట్టిగా ఉంటుంది.

కాబట్టి మెల్లగా పోయేటప్పుడు యాక్సిలరేటర్‌ను పూర్తిగా మూయకండి. కొద్దిగా తెరిచి స్థిరంగా ఉంచి, వేగాన్ని కుడికాలి కింద ఉన్న వెనుక బ్రేకుతోనూ, సగం నొక్కిన క్లచ్‌తోనూ సర్దుకోండి. ఖాళీ మైదానం చూసుకుని మొదటి గేర్లో ఇంజను శబ్దం మారకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం సాధన చేయండి. ఇంజను మోత ఒకే తీరుగా వినిపించిందంటే చేయి నిలకడగా ఉన్నట్టే. క్లచ్ వేడెక్కకుండా మధ్యమధ్యలో ఆగండి.

ఇక పట్టు గురించి చెప్పాలి. గ్రిప్‌ను పిడికిలితో బిగించి పట్టుకుంటే చేయి మొత్తం కదిలిన ప్రతిసారీ యాక్సిలరేటర్ కదులుతుంది. స్క్రూడ్రైవర్‌ను పట్టుకున్నట్టు కాస్త ఏటవాలుగా పట్టుకుని, బొటనవేలి పక్కను స్విచ్‌ల పెట్టెకు ఆనించండి. చూపుడువేలు బ్రేకు లీవరు మీద ఉంచండి. ఆ పెట్టె కదలదు కనుక దానికి ఆనిన చేయి కూడా కుదుపుకు లొంగదు. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుంటే ఒంటి బరువు చేతుల మీద పడదు, స్పీడ్ బ్రేకరు మీద మీరు చెప్పిన ఆ గొలుసుకట్టు కుదుపు అక్కడే తెగిపోతుంది.

ఘాట్ మలుపులకు వస్తే, నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారిలో నేను పాటించే పద్ధతి ఇది: బ్రేకు, గేరు మార్పు మలుపుకు ముందే ముగించి, మలుపులోకి దిగేటప్పటికే యాక్సిలరేటర్‌ను ఒక రవ్వ తెరిచి ఉంచుతాను. ఇంజను అదరనంత వరకు రెండవ గేరు కంటే మూడవ గేరే మేలు. అదే చేతి కదలికకు వెనుక చక్రానికి చేరే లాగుడు తగ్గుతుంది.

చైన్ స్ప్రాకెట్:

పై సలహాలన్నీ నిజమే, అయితే చేతిని తప్పు పట్టే ముందు చైన్ లూజు చూసుకోవాలి. కొత్త చైను మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటూ కొంత సాగుతుంది, ఆ మేరకు కుదుపు పెరుగుతుంది. మాన్యువల్‌లో చెప్పిన విధంగా బండిని నిలిపి, కింది వరస నడుమ చైనును పైకీ కిందికీ కదిపి కొలవండి. చక్రాన్ని తిప్పి రెండు మూడు చోట్ల చూడాలి, ఎందుకంటే అంతటా ఒకేలా ఉండదు. మరీ బిగించడం మాత్రం ప్రమాదం: అడ్వెంచర్ బండికి సస్పెన్షన్ ప్రయాణం ఎక్కువ కాబట్టి చక్రం పైకి లేచినప్పుడు చైను లాగేసి గేర్‌బాక్సు బేరింగును దెబ్బతీస్తుంది.

మీ పాత బండి యాక్సిలరేటర్‌కు కేబుల్ ఉండేది, దానికి రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ కదలిక ఉండేది. కొత్త వాటిలో చాలావరకు రైడ్ బై వైర్: గ్రిప్ దగ్గరి సెన్సారు చెప్పిన మాటను బట్టి ఒక చిన్న మోటారు గాలి కవాటాన్ని తెరుస్తుంది, కాబట్టి మెకానిక్ బిగించడానికో వదులు చేయడానికో అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. బీఎస్6 కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాక అవసరానికి మించి పెట్రోలు పోసి ఈ కుదుపును కప్పిపుచ్చే వెసులుబాటు కూడా తగ్గింది. గాలి ఉష్ణోగ్రత సెన్సారును మభ్యపెట్టి ఎక్కువ పెట్రోలు పోయించే పరికరాలు బజారులో దొరుకుతాయి. వారంటీ ఉన్న బండికి వాటిని తగిలించవద్దని నా గట్టి మాట.

అనంతగిరి వాన:

మోడ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మీ బండికి ఎకో గాని రెయిన్ గాని ఉంటే ఊళ్లో దానినే వాడండి. చేయి అంతే తిప్పినా కవాటం తక్కువగా తెరుచుకుంటుంది. కొందరు దీనిని పిరికితనంగా చూస్తారు, నేను ఒప్పుకోను: తడిసిన ఘాట్ రోడ్డు మీద నెమ్మదిగా స్పందించే ఇంజనే నమ్మదగినది. అయితే యాక్సిలరేటర్ మూసి తెరిచేటప్పటి కుదుపు ఏ మోడ్‌లోనూ పూర్తిగా పోదు, చింతపల్లి దారి గారు చెప్పిన సాధన తప్పదు.

గోదావరి గట్టు:

అందరికీ కృతజ్ఞతలు. చైను చూశాను, మాన్యువల్ చెప్పిన దానికంటే వదులుగానే ఉంది. సర్వీస్ సెంటర్లో సరిచేయించాను, తేడా తెలిసింది. బొటనవేలు ఆనించే పట్టు కూడా పనిచేస్తోంది. ఒక్క సందేహం మిగిలింది: వెనుక మా ఆవిడ కూర్చున్నప్పుడు గేరు మార్చిన ప్రతిసారీ ఆమె హెల్మెట్ నా హెల్మెట్‌కు తగులుతోంది. అప్పుడేం చేయాలి?

చింతపల్లి దారి:

గేరు పెంచేటప్పుడు మీరు యాక్సిలరేటర్‌ను పూర్తిగా మూసి ఆ తరువాత క్లచ్ నొక్కుతున్నారేమో చూడండి. ఆ మధ్యలోని ఇంజను బ్రేకే వెనుకవారిని ముందుకు తోస్తుంది. రెండూ ఒకేసారి జరగాలి, క్లచ్ వదిలేటప్పుడు యాక్సిలరేటర్ అప్పటికే కొద్దిగా తెరిచి ఉండాలి. ఇంజనును ఎక్కువ రేజ్ చేయకుండా గేరు కాస్త ముందుగానే వేయండి. వెనుక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్‌ను (స్ప్రింగు ముందస్తు బిగింపును) ఇద్దరి బరువుకు తగినట్టు మాన్యువల్ ప్రకారం పెంచండి. ఆవిడను మీ నడుమును గాని వెనుక గ్రాబ్ రెయిల్‌ను గాని పట్టుకోమనండి; భుజాలు పట్టుకుంటే ఆమె కదిలినప్పుడల్లా మీ చేతులు కదులుతాయి.