మా పేట వ్యాయామశాల పాత సంగతులు తెలిసినవాళ్లు ఉన్నారా?

విజయనగరంలో మా పేట వ్యాయామశాల చరిత్ర రాస్తున్నాను. అది ఎప్పుడు పెట్టారో చెప్పే కాగితం ఒక్కటీ దొరకలేదు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి శిష్యులే పెట్టారని పెద్దలంటారు. వీరఘట్టంలో పుట్టిన ఆయన ఈ ఊళ్లో వ్యాయామశాల నడిపిన మాట నిజమే. కానీ మా దానికి ఆయనతో సంబంధం ఉందని రుజువు లేకుండా రాయడం నాకిష్టం లేదు.

చేతిలో ఉన్నదల్లా అంచులు చెదలు కొట్టిన ఒక ఫోటో. లంగోటా కట్టిన కుర్రాడు మోకాళ్లు వంచకుండా బార్‌ను భుజాల మీంచి పైకి నెడుతున్నాడు. వెనక గోడ మీద ఆంజనేయస్వామి, పక్కన రెండు గదలు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రెస్ అనే ఈ అంశాన్ని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత పోటీల నుంచి తీసేశారు. కాబట్టి ఇది పోటీల్లో తీసిందైతే అంతకుముందుదే అయ్యుండాలి. ఈ లెక్క సరైనదేనా? వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంకొకటి. సొసైటీగా రిజిస్టర్ చేసుంటే, 2001 సొసైటీల చట్టం రాకముందువి 1860 చట్టం కింద ఉంటాయి కదా. అంత పాత ఫైలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పేరు చెబితే వెతుకుతారా, నంబరు ఉండాల్సిందేనా?

అక్కడ సాధన చేసిన పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురే మిగిలారు, అందుకే నాకీ ఆత్రం. కొండవెలగాడ, ఆమదాలవలస వైపు పాత లిఫ్టర్ల ఇళ్లలో పోటీల సర్టిఫికెట్లు, కరపత్రాలు ఉంటే దయచేసి ఫోటో తీసి పంపండి. వెనకవైపు కూడా తీయండి, తేదీలు అక్కడే రాసుంటాయి.