వెబ్ పేజీ సేవ్ చేసి పేరు మారిస్తే ఎక్స్‌టెన్షన్ హెచ్చరిక: ఎస్ కొట్టాలా, నో కొట్టాలా?

అమీర్‌పేట_జిరాక్స్:
విండోస్ 11, క్రోమ్. నెట్ సెంటర్‌కి వచ్చే పిల్లలకు అప్లికేషన్ రసీదు పేజీలు సేవ్ చేసి వాట్సాప్‌లో పంపాలి. కంట్రోల్ ఎస్ కొడితే ఫైల్ పేరు చివర ఎక్స్‌టెన్షన్ (ఫైల్ రకం చెప్పే తోక) .హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్ పేజీ అని పడుతోంది. దాన్ని .పీడీఎఫ్ అని మారిస్తే ‘ఫైల్ పనికిరాకుండా పోవచ్చు, మార్చాలా?’ అంటోంది. ఎస్ కొడితే పీడీఎఫ్ రీడర్‌లో ఓపెన్ అవ్వట్లేదు. ఇంకోటి, ఒక పోర్టల్ నుంచి దించిన ఎక్సెల్ షీట్ ఎప్పుడు తెరిచినా ‘ఫార్మాట్, ఎక్స్‌టెన్షన్ కలవట్లేదు’ అని వస్తోంది. వైరసా అన్నా?

కీబోర్డ్_కాకా:
మొదటిదానికి నో కొట్టు తమ్మీ. పేరు మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు, హెచ్‌టీఎంఎల్ హెచ్‌టీఎంఎల్‌గానే ఉంటుంది. పీడీఎఫ్ కావాలంటే కంట్రోల్ పీ కొట్టి, డెస్టినేషన్‌లో ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకో. మోర్ సెట్టింగ్స్‌లో పేపర్ ఏ4, బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్‌కి టిక్. హెడర్స్ అండ్ ఫుటర్స్‌కి కూడా టిక్ పెడితే తేదీ, పేజీ అడ్రస్ పడతాయి, రసీదుకి అవి ఉండాల్సిందే.

ముందు ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకో: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. అవి దాగి ఉన్న సిస్టమ్‌లో ‘రసీదు.పీడీఎఫ్’ అని కొడితే హెచ్చరికే రాదు, అసలు పేరు ‘రసీదు.పీడీఎఫ్.హెచ్‌టీఎంఎల్’ అయి కూర్చుంటుంది.

పోర్టల్ ఇచ్చిన పీడీఎఫే తెరుచుకోకపోతే సైజు చూడు. నాలుగైదు కేబీలే ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరువు. నిజమైన పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, వెంటనే పీడీఎఫ్ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. పీ, కే అనే రెండక్షరాలతో మొదలైతే జిప్, కొత్త వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు కూడా ఆ కోవే. డాక్‌టైప్ అని కనిపిస్తే అది వెబ్ పేజీ. చాలాసార్లు సెషన్ (లాగిన్ గడువు) అయిపోయి, సర్వర్ పీడీఎఫ్ బదులు లాగిన్ పేజీ పంపి ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి దించుకోవడమే, రిపేర్ సాఫ్ట్‌వేర్లు వెతకడం దండగ.

షీట్‌_మాస్టర్:
ఎక్సెల్ సంగతి దాదాపుగా ఇదే జబ్బు. చాలా పోర్టళ్లు హెచ్‌టీఎంఎల్ టేబుల్‌కే .ఎక్స్‌ఎల్‌ఎస్ అని పేరు తగిలించి వదిలేస్తాయి. ఎక్సెల్ లోపలికి చూసి తేడా పట్టుకుంటుంది. పోర్టల్ నమ్మకమైనదే అయితే ఎస్ కొట్టి తెరిచి, సేవ్ యాజ్‌లో ‘ఎక్సెల్ వర్క్‌బుక్’ ఎంచుకోండి. ఆ కొత్త ఫైల్‌కి హెచ్చరిక రాదు. ఎవరు పంపారో తెలియని ఫైల్ అయితే మాత్రం నో.

తెరిచాక నంబర్ల కాలమ్స్ చూసుకోండి. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 12 అంకెల ఆధార్ నంబరు ‘ఈ ప్లస్ 11’ అని కనబడుతుంది, అది చూపించే తీరు మాత్రమే, సెల్ ఫార్మాట్ ‘నంబర్’ చేసి డెసిమల్స్ సున్నా పెడితే సరి. 15 అంకెలు దాటితే మాత్రం చివరివి సున్నాలైపోతాయి, తిరిగి రావు.

దిల్‌సుఖ్‌నగర్_డెస్క్:
పేజీని పేజీలాగే ఇవ్వాలంటే సేవ్ యాజ్ టైప్‌లో ‘వెబ్‌పేజ్, సింగిల్ ఫైల్’ పెట్టండి, .ఎంహెచ్‌టీఎంఎల్ వస్తుంది, క్రోమ్, ఎడ్జ్ తెరుస్తాయి. ‘కంప్లీట్’ పెడితే పక్కన ‘_ఫైల్స్’ ఫోల్డర్ ఒకటి తయారవుతుంది. వాట్సాప్‌లో ఒక్క హెచ్‌టీఎంఎల్ పంపితే బొమ్మలు, డిజైన్ పోయేది అందుకే.

తెలుగు టైటిల్ ఉన్న పేజీ అసలు సేవే కాకపోతే పేరు కుదించండి. ఫోల్డర్ దారితో కలిపి 260 అక్షరాల హద్దు ఉంది. ‘స్త్రీ’ మనకు ఒకటే అక్షరం, విండోస్ లెక్కలో ఆరు. ‘_ఫైల్స్’ ఫోల్డర్‌కీ అదే పొడుగు పేరు పడి, లోపలి ఫైళ్ల పేర్లు దానికి తోడై, హద్దు ఇట్టే దాటిపోతుంది.

అమీర్‌పేట_జిరాక్స్:
పీడీఎఫ్ వచ్చింది కాకా, థాంక్స్. ఫోటోలు సేవ్ చేస్తే .జేఎఫ్ఐఎఫ్ వస్తోంది, అప్లికేషన్ సైట్ తీసుకోవట్లేదు. దీనికీ నో కొట్టాలా?

కీబోర్డ్_కాకా:
దీనికి ఎస్ కొట్టొచ్చు. జేఎఫ్ఐఎఫ్ లోపల ఉండేది జేపెగ్గే, .జేపీజీ అని మార్చినా ఏం కాదు. .వెబ్‌పీ అయితే మాత్రం పేరు మార్చకు, పెయింట్‌లో తెరిచి సేవ్ యాజ్‌లో జేపెగ్ పెట్టు. సైట్ అడిగిన కేబీ దాటితే అక్కడే రీసైజ్ కూడా చేసేయ్.