వికీపీడియా డంపు: మొత్తం చెట్టుగా నిలపాలా, పేజీ పేజీగా వదిలేయాలా?

ప్రశ్న:
తెలుగు వికీపీడియా ఎక్స్ఎంఎల్ డంపు (పేజీలన్నీ ట్యాగుల మధ్య ఉన్న ఒకే పెద్ద ఫైలు) దించుకుని పదాల లెక్క తీస్తున్నాను. దారిమార్పు పేజీలు (వేరే పేజీకి మళ్లించేవి) తీసేయడం, వికీ గుర్తులు ఒలవడం, లెక్కపెట్టడం, ఇంతే పని. ఫైలంతా డామ్ చెట్టుగా, అంటే ట్యాగులన్నీ కొమ్మలుగా ఒకేసారి మెమరీలోకి, ఎక్కించబోతే నా 4 జీబీ లాప్‌టాప్ బిగుసుకుపోయింది. ట్యాగులను ఒక్కొక్కటిగా చదువుతూ వదిలేసే శాక్స్‌తో మెమరీ వాడకం పెరగలేదు గానీ, ఏ ట్యాగులో ఉన్నానో గుర్తుపెట్టుకునే జెండాలే తొమ్మిదయ్యాయి. పైగా జాబితాలో ఒకచోట విజయవాడ ‘విజ’, ‘యవాడ’గా విరిగి వచ్చింది! ఇంత కష్టం అవసరమా?

జవాబు 1:
ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించండి. మీ ఆదివారాల కన్నా చవక.

జవాబు 2:
విజయవాడను విరిచింది మీ కోడే. పార్సరు (ఫైలు చదివి ట్యాగులు విడదీసేది) ఫైలును ముక్కలుగా చదువుతుంది, ముక్క అంచు పదం మధ్యలో పడినా దానికి పట్టదు. ట్యాగు ముగిసేదాకా పోగేసి, అప్పుడు కలపాలి. చూశారా, మెమరీలో ఏదీ నిలపొద్దని శాక్స్‌కు వెళ్లినా ముక్కలు పోగేసే చిన్న బఫరు రాయక తప్పలేదు.

నేనైతే ఒక పేజీ మేరకే నిలుపుకుంటాను. పైథాన్‌లో ఇటర్‌పార్స్ వాడి, పేజీ ట్యాగు ముగియగానే ఆ కొమ్మను మామూలు చెట్టులాగే చదువుకోవచ్చు. జెండాలన్నీ పోతాయి. పని కాగానే ఖాళీ చేయండి, అయితే పేజీని మాత్రమే కాదు, పేజీలన్నీ వేలాడే మూలాన్ని (రూట్) కూడా. మొదటిసారి నేను పేజీని ఒక్కదాన్నే ఖాళీ చేసి పడుకున్నాను. తెల్లారేసరికి మెమరీ నిండిపోయింది. లోపలి గుజ్జు పోయినా డొల్లలన్నీ మూలానికి వేలాడుతూనే ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
జెండాలు పోయాయండీ, ధన్యవాదాలు. ఇంకో చిక్కు. లేని పేజీకి వెళ్లే దారిమార్పులను కూడా పట్టుకోవాలి. గమ్యం ఫైలు చివరెక్కడో ఉంటే?

జవాబు 2:
రెండుసార్లు చదవండి. మొదటిసారి శీర్షికలు మాత్రమే ఒక సెట్‌లో వేసుకోండి, రెండోసారి పోల్చండి. తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోటి (అక్షరం, దాని గుణింతం వేరువేరు గుర్తులు) యూటీఎఫ్-8 ఫైలులో 3 బైట్లు, పైథాన్ స్ట్రింగులో సాధారణంగా 2. కాబట్టి శీర్షికల బరువు గురించి బెంగ వద్దు, మెమరీ మింగింది చెట్టులోని వస్తువులే. ఒక్కసారిలోనే ముగించాలని నేనూ గమ్యం ఇంకా కనబడని దారిమార్పులకు వాయిదా జాబితా ఒకటి అల్లాను. ఆరు నెలల తర్వాత తెరిస్తే నాకే అర్థం కాలేదు, తీసేశాను. రెండో చదువు నడుస్తుండగా టీ తాగి రావచ్చు.

జవాబు 1:
ర్యామ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.